ఠాణా గదుల్లో టైలరమ్మ

మా పేట పోలీస్ స్టేషన్ మూసేశారు. పనితీరు మెరుగుపరచడానికట. పోలీసులందరినీ పన్నెండు కిలోమీటర్ల అవతలి పెద్ద స్టేషన్‌లో కలిపేసి, ఫైళ్ళూ లాఠీలూ గోడ గడియారమూ వ్యాన్‌లో వేసుకుని వెళ్ళిపోయారు. బోర్డు మాత్రం ఉండిపోయింది. దాన్ని పీకడానికి వేరే ఉత్తర్వు రావాలట.

ఖాళీ అయిన గదుల్ని టైలరమ్మ అద్దెకు తీసుకుంది. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగల మనిషి. ఇన్నాళ్ళూ ఇంటి వరండాలో కుట్టేది. వాన పడితే మిషనుకు గొడుగు పట్టి తను తడిసేది. ఇక్కడికొచ్చాక కుట్టిన బట్టలన్నీ లాకప్‌లో తగిలించి తాళం వేసింది. ఇన్‌స్పెక్టర్ వదిలేసి పోయిన కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టి, అంచులు కుట్టే పని అప్పగించింది.

మొదటిరోజే పక్క వీధి మాస్టారు రొప్పుతూ వచ్చారు.

"అమ్మా, నా కుడికాలి చెప్పు పోయింది. రాసుకో."

"మాస్టారూ, ఇది టైలర్ షాపండీ!"

"బోర్డు మీద అలా లేదే?"

పెద్దాయనతో వాదించలేక కొలతల పుస్తకం తీసి, "కుడి చెప్పు, గోధుమరంగు, మడమ దగ్గర అరిగింది" అని రాసుకుంది. అంతే, సంగతి పేటంతా పాకింది. సరిహద్దు గోడ గురించి తగువులాడుకుంటున్న బావాబావమరుదుల ఇంటికి టేపు పట్టుకుని వెళ్ళి, కొలిచి, "మీ ఇద్దరి తప్పూ లేదు, గోడే వంకర" అని తేల్చేసింది. బుకాయించేవాళ్ళని అత్తగారి ముందు నిలబెట్టేది. ఆవిడకు చెవుడు. అయినా కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసిందంటే, జనం చెయ్యని తప్పులు కూడా ఒప్పుకునేవారు.

వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాల్సిన జేబుదొంగ కూడా ఇక్కడికే వచ్చాడు.

"అంత దూరం పోలేనక్కా, ఇక్కడే పెట్టేస్తా."

"పెడుదువుగానిలే. ముందు ఈ కాజాలు కుట్టు."

అతని వేళ్ళు ఎంత చురుకంటే, నెల తిరిగేసరికి పేటలో అంత నాజూగ్గా కాజాలు కుట్టేవాడు ఇంకొకడు లేడు.

ఆరు నెలలకు ఒక పెద్ద అధికారి జీపులో దిగాడు. ఈ పేట నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు కాబట్టి, స్టేషన్ మూసినందుకే నేరాలు ఆగిపోయాయని ఆయన లెక్క. ఫొటో దిగిపోదామని వచ్చాడు. తీరా చూస్తే గుమ్మం ముందు పదకొండుమంది వరుసలో ఉన్నారు.

"ఏంటిదంతా?"

"ముగ్గురు జాకెట్లకండీ. మిగతావాళ్ళు మీకోసం" అంది టైలరమ్మ.

ఆయన కోపంగా ఊపిరి బిగబట్టేసరికి పొట్ట దగ్గరి గుండీ టప్పున తెగి అత్తగారి ఒళ్ళో పడింది. ఆవిడ తలెత్తి చూసింది.

"అంటే... తప్పు మాదేలెండి" అని గొణిగాడాయన.

మరుసటి వారం నుంచి మంగళవారాల్లో ఒక కానిస్టేబుల్‌ని పంపసాగారు. మొదటి మంగళవారం అతను మూలన బల్ల వేసుకుని, పెన్ను మూత తీసి కూర్చున్నాడు. ఒక్కరూ అటు తొంగిచూడలేదు. మధ్యాహ్నం బయటికి వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"అక్కా, గుమ్మం ముందు పెట్టిన నా సైకిలు పోయింది."

టైలరమ్మ మిషను ఆపకుండానే అంది: "వరుసలో రా తమ్ముడూ."