చొక్కా మార్చిన చిప్పులు

కో చింగ్‌సుంగ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఉన్న పేరుని ఉన్నట్టు ఉండనివ్వడు. తైవాన్‌లోని షిన్‌చూ ఊళ్ళో చిప్పులు చేసే కంపెనీలో ఆయన ఉద్యోగం కూడా అదే, కొత్త ప్రాసెసర్లకి పేర్లు పెట్టడం. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

పోనీ ఒకచోట కూర్చుని పెడతాడా అంటే అదీ లేదు. షిన్‌చూ గాలికి గొడుగు నిలవదు, కోకి కాలు నిలవదు. కాలుగాలిన పిల్లిలా క్యాంటీన్‌కీ పరీక్షల విభాగానికీ మధ్య తిరుగుతూ, గాలిలో వేలితో అంకెలు రాసుకుంటూ, ఎదురొచ్చిన వాళ్ళని ఢీకొడుతూ ఉంటాడు.

"అన్నా, నువ్వు పేరు పెట్టిన కొండగాలి చిప్పుల్లో ఐదు గొప్పదా, ఏడు గొప్పదా?" అని ఒకరోజు షూలియెన్ అడిగింది. పరీక్షల విభాగంలో జుట్టు నెరిసిన మనిషి ఆవిడ.

"ఏడు."

"హమ్మయ్య."

"పక్కన యు అక్షరం లేకపోతే. యు ఉంటే ఐదే గొప్ప."

"సరే, ఐదు."

"ఐదు పక్కన ప్లస్ ఉందనుకో, అది పోయినేటి ఏడు. చొక్కా మార్చాం, అంతే."

"నీకు దణ్ణం పెడతానన్నా! మా ఆయన కంప్యూటర్ కొందామని ప్రాణం తీస్తున్నాడు. ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పు."

"వచ్చే నెల దాకా ఆగండి. పేర్లు మారుస్తున్నా."

ఆ నెల రానూ లేదు, వాళ్ళు కొననూ లేదు.

ఇన్ని పేర్లెందుకయ్యా అంటే, ఆయన చిప్పుని పారెయ్యనివ్వడు. ఒకసారి షూలియెన్ ఒకదాన్ని చెత్త డబ్బాలో వేసింది. ఎనిమిది కోర్లు, అంటే ఎనిమిది బుర్రలు, ఉండాల్సిన చిప్పు, రెండు పనిచెయ్యడం లేదు. కో మోచేతి దాకా డబ్బాలో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీశాడు.

"ఇదేం పని?"

"పాడైంది కదన్నా."

"ఆరు బుర్రలు శుభ్రంగా పనిచేస్తుంటే పాడైందంటావేంటి? ఆరు బుర్రల చిప్పు అను. తక్కువకి అమ్ము. దీనికీ ఒక పేరుంటుంది, ఒక ఇల్లుంటుంది."

మర్నాటికల్లా ప్రపంచం మీదికి ఇంకో పేరు వదిలాడు.

పోయిన చలికాలం నుంచీ ఈ పిచ్చి ముదిరి మనుషుల మీద పడింది. నెలకొకసారి ఎవరో ఒకరి మెడలో కార్డు మార్చేసేవాడు. కాపలాదారు "ద్వారనాడి 3 ఎస్" అయ్యాడు. క్యాంటీన్ వంటావిడ ఆ-క్వాన్ మాత్రం ఒప్పుకోలేదు. "నా సూప్ జోలికొచ్చావంటే గరిటె తిరగేస్తా!" అంది. ఆ సూప్ ఒక్కటీ పాత పేరుతో మిగిలింది.

ఇంతలో తైపే హెడ్డాఫీసు నుంచి కబురు. పరీక్ష సహాయకుల ఉద్యోగాలన్నీ రద్దు. ఆ పని చేసి వెళ్ళడానికి ఫాంగ్ మేడమ్ స్వయంగా వస్తోంది. షూలియెన్ కూడా సహాయకురాలే. చూపు మందగించింది, సన్న పని చెయ్యలేదు. ఈ వయసులో ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనిస్తుందా?

మేడమ్ వచ్చే రోజు పొద్దున్నే కో పరీక్షల విభాగంలోకి ఊడిపడ్డాడు, చేతినిండా కార్డులతో.

"మా కొంపలు మునుగుతుంటే ఇప్పుడా నీ పేర్ల పిచ్చి!" అని షూలియెన్ విరుచుకుపడింది.

ఆయన సహాయకులందరికీ తలా ఒక కార్డు ఇచ్చి, ఆవిడ మెడలో ఒకటి తగిలించాడు. "తాపనిర్ణేత 6 యు ప్లస్". తర్వాత ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం తెచ్చి మేడమ్ కుర్చీ ముందు పెట్టాడు. అక్కడ ప్రతి యంత్రం నెత్తినా అలాంటిదొకటి ఉంటుంది.

"అది యంత్రాలు మొరాయించకుండా పెట్టేది కదన్నా?"

"మొరాయించేవాటన్నిటికీ పనిచేస్తుంది."

ఫాంగ్ మేడమ్ వచ్చింది, కూర్చుంది, పొట్లం చింపి తినడం మొదలుపెట్టింది. అందరూ నోళ్ళు నొక్కుకున్నారు.

"పరీక్ష సహాయకులు ముందుకి రండి."

ఒక్కరూ కదల్లేదు. మేడమ్ లేచి కార్డులు చదివింది.

"నువ్వెవరమ్మా?"

"6 యు ప్లస్ నండీ," అంది షూలియెన్.

"అంటే నీ పక్కనున్న ఈ 5 హెచ్ కంటే పైనా, కిందా?"

"వేసవిలో పైన," కో అందుకున్నాడు. "చలికాలంలో పక్కన. హెచ్ పక్కన ఎక్స్ చేరిందంటే మాత్రం..."

"ఆపవయ్యా బాబూ! ఈ తమాషా ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచండీ. తైపే మీటింగ్‌కి వచ్చాను కదా, అప్పట్నుంచి."

షూలియెన్ చటుక్కున ఆయన మొహం చూసింది. ఓరి దేవుడా! అయితే ఆ మీటింగ్‌లోనే ఈ రద్దు మాట ఈయన చెవిన పడిందన్నమాట. ఏడాదంతా పేర్లు మార్చింది ఇందుకన్నమాట. పొద్దున తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఆవిడకి సిగ్గేసింది.

మేడమ్ కణతలు నొక్కుకుంది. "రద్దు చెయ్యాల్సిన పేరుతో ఇక్కడెవరూ లేరు. ఇవి నాకర్థమయ్యేదాకా ఎవర్నీ ముట్టుకోను." ఉన్నట్టుండి కో కార్డు దగ్గర ఆగింది. "ఇదొక్కటి అర్థమవుతోంది. పేర్ల అధికారి. ఇది కూడా రద్దులో ఉందే. టీ తాగొచ్చి మాట్లాడదాం."

ఊరందరికీ చొక్కాలు మార్చిన మనిషికి తన చొక్కా గుర్తులేదు! కో మొదటిసారి నిలబడిన చోటే నిలబడిపోయాడు.

షూలియెన్ ఆయన మెడలో కార్డు లాక్కుని పరుగెత్తింది. చిప్పుల నెత్తిన పేర్లు చెక్కే యంత్రం కింద దాన్ని తిరగేసి పెట్టింది. మేడమ్ తిరిగొచ్చేసరికి కార్డు కో మెడలో వెచ్చగా ఉంది.

"నామనాడి 9470 ఎక్స్ యు," చదివింది మేడమ్. "ఇది ఇందాక లేదే?"

"పాతదేనండీ," అంది షూలియెన్. "చొక్కా మార్చాం, అంతే."

మేడమ్ ఆవిడని ఎగాదిగా చూసింది. పెదవి చివర నవ్వొకటి వచ్చి వెళ్ళింది. "నాకేం అర్థం కాలేదని రాసుకుంటాను," అని పొట్లంలో మిగిలింది కూడా పట్టుకుని వెళ్ళిపోయింది.

కో కార్డుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుకున్నాడు. "ప్లస్ పెట్టలేదేం షూలియెన్?" అన్నాడు.

"నీలో కొన్ని బుర్రలు పనిచెయ్యవన్నా."

"ఎన్ని?"

"ఇంకా పరీక్ష చేస్తున్నాం," అంది తాపనిర్ణేత 6 యు ప్లస్.