గంపెడు గూటి పెంట

మా షెడ్డు కల్వకుర్తికి కొంచెం దూరంలో, మా చెలకలోనే ఉంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు కట్టాను. కోడిపిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, మా ఆలుమగల రెక్కల కష్టం మావి. ఒక బ్యాచ్ దిగిందంటే నలభై రోజులు పెళ్లికీ పోలేము, చావుకీ పోలేము. నచ్చకపోతే మానెయ్యవచ్చు కదా అంటారు చూడవచ్చినవాళ్లు. ఆ పొడుగు రేకుల షెడ్డులో కోళ్లు తప్ప ఇంకేం పెంచను? దాని కింద పడిన చెలక మళ్లీ జొన్నచేను అవుతుందా?

నేను బడిలో చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా పశువుల దవాఖానలో చెత్తకు వేసిన పుస్తకాలది, రేడియోది, ఈమధ్య ఫోనుది. ఒకసారి ఇలా చదివాను. కోడి పేగులో కంటికి కనపడని మేలు క్రిములు ఉంటాయి. తిన్నది అరగడానికి సాయం చేసేవీ, రోగపు క్రిములకు జాగా లేకుండా నిండి ఉండేవీ అవే. నాటుకోడి పిల్ల తల్లి రెట్టపడిన మట్టిని పొడిచి వాటిని కడుపులోకి తెచ్చుకుంటుంది. మా పిల్లలు మిషన్లో పుట్టి అట్టపెట్టెల్లో వస్తాయి. తల్లి మొఖమే ఎరగవు. దిగిన రోజు నుంచే మందు కలిపిన నీళ్లు తాగుతాయి. ఇది అన్యాయమనిపించి, కంపెనీ తరఫున వచ్చి చూసిపోయే సూపర్‌వైజర్‌తో చెప్పాను. మనవడి ఈడు పిల్లగాడు, అయినా నేనే సారూ అనాలి.

"గింత తెలిసినోడివి గీడ ఎందుకున్నవ్ తాతా? పట్నంల పెద్ద డాక్టరువు కాకపోయినవ్" అని నవ్వి, ఇంకో మందు డబ్బా చేతిలో పెట్టి పోయాడు.

నాకు మండింది. నేనే చేసి చూపిస్తాననుకున్నాను.

నా భార్యకు ఏడు నాటుకోళ్లు ఉండేవి. షెడ్డు దగ్గర నాటుకోళ్లు ఉండకూడదని కంపెనీ కాగితంలో ఉంది. సూపర్‌వైజర్ బండి చప్పుడు వినగానే ఆమె వాటిని ఇంటి వెనుక గూట్లోకి తోలి తలుపేసేది. పిల్లలు దిగిన నాలుగో రోజు, ఆమె బాయి కాడ ఉన్నప్పుడు, ఆ గూటి కింది పెంట గంపెడు ఎత్తి షెడ్డులో ఊక మీద చల్లాను. పిల్లలు ఎగబడి గీరుతుంటే వాటికి తల్లిని తెచ్చిచ్చినట్టు నిలబడి చూశాను.

పదిహేనో రోజుకు ఊక మీద రెట్టలో నెత్తురు కనపడింది. కోళ్లు రెక్కలు జారేసి మూలలకు చేరాయి. సూపర్‌వైజర్ వచ్చి చచ్చినదాన్ని బ్లేడుతో కోశాడు. పేగుల చివర ఉండే రెండు సంచులు నల్లటి నెత్తురుతో ఉబ్బి ఉన్నాయి.

"కాక్సీ తాతా."

ఆ పేజీ నేను ఆలస్యంగా చదివాను. కాక్సీ పేగు గోడలోనే దూరి బతికే పరాన్నజీవి. గోడ చిట్లి నెత్తురు కారుతుంది. లోపలి తీరే మారిపోయి మేలు క్రిములు తగ్గిపోతాయి, ఆ జాగాలో చెడ్డవి పెరిగి పేగును కుళ్లబెడతాయి. పెద్ద నాటుకోడి కడుపులో అదే కాక్సీ ఉన్నా పైకి ఏమీ తెలియదు. రెట్టలో మాత్రం కాక్సీ గుడ్లు పడుతూ ఉంటాయి. మంచివాటినీ దీన్నీ ఒకే గంపలో మోసుకొచ్చింది నేను.

సూపర్‌వైజర్ చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోయాడు. గూడు చూశాడు.

"ఇవెక్కడియమ్మా? రోగం వీటికెల్లే వచ్చింది."

"నా కోళ్లు నీ షెడ్డు మొఖం సూడలే సారూ" అంది ఆమె. "షెడ్డు తాళం ఈయన కాడనే ఉంటది, అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"వానకు ఊక తడిసింది సారూ" అన్నాను.

"తడిస్తే పెరుగుతది తాతా, పుట్టదు. మాపటికల్లా ఈ నాటుకోళ్లు ఉండొద్దు. ఉంటే ఇదే ఆఖరి బ్యాచ్."

ఒక పెట్ట పొదుగుతూ ఉంది. దాన్ని గుడ్ల మీది నుంచి లేపేటప్పుడు అది ఆమె చేతిని పొడిచింది. ఏడింటినీ గంపలో పెట్టి, పైన చీర కట్టి, మక్తల్ బస్సెక్కి తన చెల్లెలింటికి తీసుకుపోయింది. నేను బస్సు దాకా గంప మోశాను.

మందు తాగించాక కొన్ని చచ్చాయి, మిగిలినవి ఎదగలేదు. కంపెనీ లారీ ఆ బ్యాచ్‌ను ఎత్తుకుపోయాక, ఇద్దరం పాత ఊక ఎత్తుతున్నప్పుడు ఆమెకు చెప్పాను. పార పక్కన పెట్టింది.

"నువ్వు తెచ్చి పోసి, నా కోళ్లను దొంగలను చేసినవా?"

"మంచి జరుగుతదనుకున్న."

"నాకెందుకయ్యా? గా పిలగానికి చెప్పు. నా ముంగట చెప్పు. నా కోళ్లు తిరిగి రాకుంటె రాకపాయె, నేను పెట్టిన రోగం కాదని తెల్వాలె గదా."

చెబితే మళ్లీ పిల్లలను దించరు. చెప్పకుండా ఉందామంటే ఆమె నా ఎదుటే నిలబడి ఉంది. ఫోన్ చేశాను.

"చెప్పు తాతా" అన్నాడు అవతల.

"ఊక ఎత్తినం సారూ" అన్నాను. "పిల్లలు ఎప్పుడు దిగుతయ్?"

ఆమె పార తీసుకుని షెడ్డు ఆ చివరకు పోయింది. నేను ఈ చివర నుంచి ఎత్తసాగాను.