జల్లెడలో మిగిలిన పట్టీలు

నేను బాలానగర్‌లో కాలుష్యాన్ని పరీక్షించే ఒక ల్యాబ్‌లో చేరిన కొత్తలో, హైటెక్ సిటీలోని ఓ ఆఫీసు భవనం మీద నుంచి దించిన పాత సోలార్ పలకలు మా దగ్గరకు వచ్చాయి. వాటిని పారేస్తే మట్టిలోకి సీసం దిగుతుందా అన్నది తేల్చాలి. అంతవరకు నాకు మురుగునీళ్ల సీసాలే తెలుసు. సోలార్ పలక లోపల ఏముంటుందో చూడబోతున్నానన్న హుషారులో ఆ రోజు టిఫిన్ కూడా సరిగా తినలేదు.

పలకను నుగ్గు చేసి, జల్లెడ పట్టి, కిందికి దిగిన ముక్కల్ని కాస్త ఆమ్లం కలిపిన నీళ్లలో వేసి, సీసాను మెషిన్ మీద రాత్రంతా తిప్పుతాం. చెత్తకుప్పలో వానకు నానితే ఏమవుతుందో అలా తెలుస్తుంది. మర్నాడు చూస్తే నీళ్లలో సీసం దాదాపు లేదు. మా సీనియర్, సిద్దిపేట వైపు ఆవిడ, రిపోర్టు మొదలుపెట్టమంది.

బల్ల తుడుస్తుంటే జల్లెడలో వెండి రంగు సన్నని పట్టీలు కనిపించాయి. గాజు పగిలింది కానీ ఇవి వంగి పైనే చిక్కుకున్నాయి. పలకలో కరెంటు నడిచేది వీటిలోనే. వీటిని అతికించడానికి పూసే లోహం టంకం. సీసం ఉంటే గింటే ఆ టంకంలోనే ఉండాలి!

"అక్కా, సీసం ఉండాల్సిన భాగమే నీళ్లలో పడలేదు."

ఆమె ఒక పట్టీని వంచి చూసింది. "గిట్లయితే మనం ఉత్త గాజునే చూసినం. కత్తెర తే, మల్ల చేద్దాం."

పట్టీలను సన్నగా కత్తిరించి, పలకలో ఎంత వంతు ఉంటాయో అంతే గాజు ముక్కల్లో కలిపి, సీసాను మళ్లీ రాత్రంతా తిప్పాం. మర్నాడు కొండాపూర్ హాస్టల్ నుంచి అందరికన్నా ముందే వెళ్లి కూర్చున్నాను. సీసం కొలిచే మెషిన్ తెర మీద అంకె పెరుగుతూ పెరుగుతూ, ప్రభుత్వం పెట్టిన హద్దు దాటేసింది. అక్క నమ్మక, మళ్లీ కొలిపించింది. అదే అంకె. విషం దొరికినందుకు ఇంత సంబరమేమిటని సిగ్గేసింది కానీ నవ్వు ఆగలేదు.

ప్రమాదకర వ్యర్థమని రిపోర్టు ఇచ్చాం. పలకలను పాత సామాన్లవాళ్లకు ఇచ్చేద్దామనుకున్న ఆ భవనం మేనేజరు మొదట విసుక్కున్నాడు. రిపోర్టులో అంకె చూశాక లారీని రీసైక్లింగ్ ఫ్యాక్టరీకి మళ్లించి, పక్క భవనం పలకలు కూడా చూస్తారా అండీ అని ఫోన్ చేశాడు. అక్క నా వైపు చూసేలోపే నేను చేతులకు గ్లవుజులు తొడిగేసుకున్నాను.