రెండు గుడిసెల నడుమ కోడె

దయ్యాలు లేవు, మహిమలు లేవు అని సిరిసిల్ల గ్రంథాలయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. మగ్గం దిగగానే నేను వెళ్ళేది అక్కడికే. బడిలో చదివింది తక్కువే. ఆ బీరువాల్లోని పుస్తకాలు మాత్రం పై అర నుంచి కింది అర దాకా వరుసగా చదివాను. ఉరుము ఎందుకు ఉరుముతుందో, శ్మశానంలో నీలిమంట ఎందుకు కనబడుతుందో అక్కడే తెలుసుకున్నాను. ఎవరికైనా గాలి సోకిందంటే కూర్చోబెట్టి కారణం చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే మనిషిని. ఒక్క సంగతికి మాత్రం నాకు కారణం దొరకలేదు. దానిని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మా అక్క లచ్చవ్వకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోవాడు నిలిచాడు. వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే నిలిచాడని వాడికి రాజేశం అని పేరు పెట్టారు. ఏడాది దాటినా వాడి తల మీద కత్తి పడలేదు. జుట్టు కళ్ళలో పడుతుంటే అక్క పిలక వేసి పూలు కూడా పెట్టేది.

శివరాత్రికి వేములవాడ వెళ్ళి వాడి పుట్టువెంట్రుకలు తీయించాలి, గుడిలో కోడెను కట్టాలి. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి అక్కడే కట్టేసి దండం పెట్టుకోవడం ఆ దేవుడికి మావాళ్ళ మొక్కు. వెంట్రుకలు తీసేటప్పుడు పిల్లవాడు మేనమామ ఒడిలో కూర్చోవాలి. మేనమామను నేనే. మహిమలు నమ్మని నన్ను ఎందుకు లాగుతావంటే అక్క ఒక్కటే మాట అంది.

"నువ్వు నమ్మకు తమ్మీ. నీ ఒడి మాత్రం తీస్కరా."

మా బావ మల్లేశం బండికి తడకలతో గూడు కట్టాడు. లోపల వరిగడ్డి మీద గొంగళ్ళు పరిచి, బియ్యం మూట, అటుకులు, లాంతరు, పిల్లవాడి ఉయ్యాల బట్ట అన్నీ సర్దాడు. రెండు మూడు రోజులు అదే మా ఇల్లు. పొద్దున్నే బయలుదేరాం. దారి పొడుగునా జాతర బండ్లే. ఒక బండిలో పాట ఎత్తుకుంటే వెనక బండి అందుకునేది. రాజేశం గూటిలోంచి తల బయటపెట్టి ప్రతి ఎద్దునూ పలకరించాడు.

అంతకు కొద్ది రోజుల ముందే నేను డేరాలు వేసుకుని విడిది చేసేవాళ్ళ కోసం రాసిన ఒక పుస్తకం చదివి ఉన్నాను. బండి కదిలే ముందు ఇరుసుకు కందెన ఉందో లేదో, చక్రం శీల బిగువుగా ఉందో లేదో చూసుకోవాలని, గడ్డి దగ్గర పొయ్యి పెట్టవద్దని, లాంతరును తాడుతో కాకుండా తీగతో వేలాడదీయాలని, వాకిట్లో ఎప్పుడూ నిండు కుండ ఉండాలని, అన్నిటికన్నా ముఖ్యంగా గుడిసెకూ గుడిసెకూ మధ్య ఎడం వదలాలని అందులో ఉంది. ఇవన్నీ దారిలో మావాళ్ళకు చెప్పాను. బావ ఎద్దుల తోకలు సవరిస్తూ విన్నాడు.

"గింత చదివినవ్ గదా బామ్మర్దీ, ఎద్దులకు గూడ చెప్పు. బండి గుంజేది అవ్వే."

వేములవాడలో జాతర మైదానమంతా అప్పటికే గుడిసెలు లేచాయి. వెదురు గుంజలు, తాటాకు, తడకలు కిరాయికిచ్చి గుడిసెలు వేసిపెట్టే ఖాసిం సాబ్ మా బావకు పాత దోస్తు. ఆయన మా గుడిసె వేశాక, నేను పక్కన ఇంకో గుడిసె పట్టేంత ఖాళీ వదిలించాను. ఖాళీకి వెనక బావి. నా రూలు ఒక్కటైనా అమలైందని తృప్తిగా నిలబడ్డాను.

ఆ తృప్తి ఎంతో సేపు నిలవలేదు. జగిత్యాల నుంచి బావ మేనత్త నర్సవ్వ, కొడుకులు కోడళ్ళతో దిగింది. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆ ఖాళీ చూసి అక్కడే మూట దించింది.

"అత్తా, గీడ వద్దు," అన్నాను. "మంట లేస్తే ఒకదానికొకటి అంటుకుంటది. నడుమ జాగ ఉండాలె."

"మంట లేవకముందే నోరు ముయ్యి కొడుకా, పండుగ పూట. నర్సవ్వను యాడ పండవెట్టాల్నో నీ బుక్కులల్ల రాసి ఉందా?"

అందరూ నవ్వారు. బావ కూడా మేనత్త వైపే. ఖాసిం సాబ్ మనిషి గుంజ కోసం గుంత తవ్వాడు.

అప్పుడు వచ్చింది ఆ కోడె. తెల్లటిది, మూపురం మీద మాత్రం బూడిదరంగు. జనం మధ్యనుంచి తీరిగ్గా నడిచివచ్చి, సరిగ్గా ఆ గుంత మీద పడుకుంది.

బావ అదిలించాడు. తోక మెలిపెట్టాడు. అది చెవి ఆడించింది, అంతే. నర్సవ్వ బెల్లం ముక్క చూపించి కొంచెం దూరంలో పెట్టింది. కోడె మెడ సాచి, లేవకుండానే బెల్లం తిన్నది. నర్సవ్వ కొడుకు డప్పు తెచ్చి చెవి దగ్గర వాయించాడు. కోడె కళ్ళు మూసుకుంది. చుట్టూ మూగిన జనానికి ఇది మంచి తమాషా అయింది. ఒకాయన కోడెకు అరటిపండు పెట్టాడు, ఇంకొకాయన నర్సవ్వకు సలహా పెట్టాడు.

గుడిలో కోడెలు చూసుకునే మనిషిని పిలిపించాం. ఆయన చుట్టూ తిరిగి చూసి, "మాది కాదు. మా వాటికి ముకుతాడు ఉంటది, దీనికి ముక్కే కుట్టలే," అన్నాడు. జాతరకు వచ్చిన బండ్లవాళ్ళూ తమది కాదన్నారు.

చివరికి ఖాసిం సాబ్ గునపం భుజాన వేసుకున్నాడు. "ఛోడో మల్లేశం భాయ్. గా జాగ గాయనకు పసందైంది. అత్త గుడిసె జర అవుతల ఏస్త."

"బామ్మర్ది రూలు కోడెకు సమజైంది, మనకే కాలే," అన్నాడు బావ. నర్సవ్వ గొణుగుతూనే అటు జరిగింది. చల్లటి నేల దొరికితే పశువు లేవదని, ఇందులో వింతేమీ లేదని నేను అందరికీ వివరించాను. ఆ సాయంత్రం పిల్లలు దాని కొమ్ములకు బంతిపూల దండలు చుట్టారు. రాజేశం దాని మూపురం మీద చేతులు వేసి నిలబడి కేరింతలు కొట్టాడు. మైదానమంతా దీపాలు, డప్పులు, గాలిబుగ్గల కోసం మారాం చేసే పిల్లలు. అంత సంతోషంగా ఉన్న అక్కను నేను చాలా కాలం తర్వాత చూశాను.

తెల్లవారి చూస్తే కోడె లేదు. నర్సవ్వ గుడిసె మళ్ళీ ఇటు మార్చుకుంటానంటుందేమోనని భయపడ్డాను కానీ, అప్పటికే ఆమె పొయ్యి పాతుకుంది.

మధ్యాహ్నం నేనూ బావా కోడె మొక్కు కోసం గుడి దగ్గర వరుసలో ఉన్నాం. అక్క, పిల్లవాణ్ణి తీసుకుని ఆడవాళ్ళతో గుడికి వస్తానంది. వచ్చే ఉంటుంది, ఆ జనంలో మాకు కనబడటం లేదు అనుకున్నాం. ఇంతలో మైదానం వైపు నల్లటి పొగ లేచింది.

పరుగెత్తాం. నర్సవ్వ కోడలు గారెలు వేస్తుంటే నూనె అంటుకుని మంట తడకకు పాకింది. వేడిగాలి మా గుడిసె వైపే కొడుతోంది. నర్సవ్వ గుడిసె, దాని అవతల గుడిసెలు భగ్గున మండుతున్నాయి. వాటిలోని మనుషులందరూ బయటే ఉన్నారు. మా గుడిసె కప్పు మీద నిప్పురవ్వలు పడుతున్నాయి. బావ పైకెక్కి తడి గోనెతో కొడుతుంటే, మేము వెనక బావి నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. దారి ఆ ఖాళీ స్థలం మీదుగానే. బట్టలు మాడుతున్నా ఖాసిం సాబ్ మండే గుంజలు పట్టి అవతలికి లాగేశాడు. ఎడం ఉంది కాబట్టి మంట ఇటు దాటలేకపోయింది. కాసేపటికి అటు కాలాల్సింది కాలిపోయి, చల్లారింది.

అప్పుడు మా గుడిసె తలుపు తడక పక్కకు జరిగింది. అక్క పిల్లవాణ్ణి చంకనేసుకుని, నిద్ర కళ్ళతో బయటకు వచ్చింది.

"ఏందయ్యా గీ లొల్లి? ఇప్పుడే పోరడు పండుకుండు."

బావ కప్పు మీదనుంచి దిగలేదు, జారిపడ్డాడు. పడ్డవాడు మోకాళ్ళ మీద లేచి పిల్లవాడి కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు, వెంటనే నవ్వాడు. నర్సవ్వ వచ్చి పిల్లవాడికి దిష్టి తీసింది. తన కొత్త చీర కాలిన సంగతి సాయంత్రానికి గానీ ఆమెకు గుర్తు రాలేదు.

గుడికి పోతానన్నదానివి ఎప్పుడు వచ్చావని అడిగితే, పోనేలేదంది. వాణ్ణి పడుకోబెడుతూ తానూ పడుకుందట. పొగ వాసన కూడా తెలియలేదట.

"గా కోడె మళ్ళ వచ్చింది గదా. తడక అవుతల పండుకొని నెమరేస్తుంటే, గా చప్పుడుకు ఇద్దరికి మత్తుగ నిద్ర వట్టింది. ఏది, లేసిపోయిందా?"

పొద్దుటినుంచి అక్కడ కోడెను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరం ఖాళీ స్థలం వైపు తిరిగాం.

గాలి తెచ్చిన బూడిద నేలంతా నల్లగా పరుచుకుని ఉంది. మా తలల మీద, కుండల మీద, బండి గూటి మీద కూడా. ఆ ఖాళీ మధ్యలో మాత్రం, కోడె పడుకుంటే ఎంత చోటు పడుతుందో అంత మేర, నేల శుభ్రంగా ఉంది. బూడిద లేదు. ఒలికిన నీటి చుక్క లేదు. అడుగుల గుర్తు లేదు. బావి దగ్గర నుంచి వచ్చిన మా తడి అడుగులు దాని ముందు రెండు దారులుగా చీలి, అటూ ఇటూ వెళ్ళి, ఇవతల మళ్ళీ కలిశాయి.

ఖాసిం సాబ్ చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

నేను ఊరుకోలేదు. ముందు రోజు కోడె పడుకున్న నేల గట్టిపడి ఉంటుందని, గట్టినేల మీద బూడిద నిలవకుండా గాలికి పోతుందని చెప్పాను. బావ శ్రద్ధగా విన్నాడు. ఈసారి ఎగతాళి చేయలేదు.

"నిజమే కావచ్చు బామ్మర్దీ. మరి బిందె మోసుకొని ఉరుకుతున్నోనివి, సక్కగ రాక చుట్టు తిరిగి ఎందుకొచ్చినవ్?"

మర్నాడు శివరాత్రి. రాజేశం నా ఒడిలో కూర్చుని, మంగలి కత్తి పెట్టగానే ఏడుస్తాడనుకుంటే నవ్వాడు. జుట్టు జారుతున్న కొద్దీ వాడు నవ్వాడు, వాణ్ణి చూసి అక్క నవ్వింది. గుండుకు గంధం పూసి ఎత్తుకుంటే వాడు నా కొత్త ధోవతి తడిపాడు. "మేనమామకు అభిషేకం," అని నర్సవ్వ కేక వేసింది. ఖాసిం సాబ్ కాలిన గుడిసెలు మళ్ళీ వేశాడు, మధ్యలో ఎడం వదులుతూ. ఎవరూ కాదనలేదు.

ఆ తర్వాత పశువుల గురించి, గాలి గురించి, మంటల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. బూడిదకు ఏదో ఒక కారణం చెప్పగలను. అక్క విన్న నెమరు కలే అనీ అనగలను. కానీ బావ అన్నట్టు, మేమంతా దగ్గర దారి వదిలి చుట్టు తిరిగాం. తిరుగుతున్నామని అప్పుడు ఒక్కరికీ తోచలేదు. నా ముందు ఖాళీ నేల తప్ప ఏమీ లేదని నాకు స్పష్టంగా గుర్తుంది. నా కళ్ళకు కనబడనిది నా కాళ్ళకు ఎట్లా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను.