ఓర్విల్ మెచ్చని కాఫీ మిషన్లు

ఓర్విల్ టుంగ్సెత్‌కు ఈ భూమ్మీద ఏ కాఫీ మిషనూ నచ్చదు. కొందరికి పిల్లిని చూస్తే తుమ్ములొస్తాయి, అతనికి కాఫీ మిషన్‌ను చూస్తే అసహ్యం వస్తుంది. ఎవరింటికి వెళ్లినా ముందు వంటగదిలోకి నడుస్తాడు. అక్కడున్న మిషన్ మూత ఎత్తి, లోపల ముక్కు పెట్టి, "హుఁ" అంటాడు. ఈ "హుఁ"కి భయపడి మా ఊరు ఫాసెన్‌లో ఓ కొత్త జంట తమ మిషన్‌ను దుప్పట్ల అలమరలో దాచేసి, "మేం టీ తాగుతామండీ" అని సాక్షాత్తూ చర్చి మెట్ల మీద నిలబడి అబద్ధమాడింది.

ఉద్యోగం అతన్ని ఇలా చేసిందని కొందరంటారు. ఊరి పాలకేంద్రంలో వచ్చిన ప్రతి పాలక్యానూ వాసన చూసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పడమే జీవితమంతా అతను చేసిన పని. రిటైరైన మనిషికి ముక్కు మిగిలింది, క్యాన్లు పోయాయి. ఇక లోకమంతా పులిసిన వాసనే కొట్టసాగింది.

కాఫీ విషయంలో మా మిన్నెసోటావాళ్లకు గర్వపడే అర్హత ఏమీ లేదని నేనే ఒప్పుకుంటాను. నేను చాలా రేవుల్లో దిగాను, చాలా స్టేషన్లలో పడుకున్నాను. చెంచా నిలబెడితే నిలబడే కాఫీ తాగాను. ఒక్క గుక్కకే మూడు తరాల పూర్వీకులు కళ్ల ముందు కనిపించే కాఫీ తాగాను. మా ఊరి కాఫీ తాగితే మాత్రం కప్పు అడుగున అచ్చువేసిన పువ్వు కనిపిస్తుంది. అయినా పుట్టినా, పోయినా, మంచు పడినా, పడకపోయినా, కారణం లేకపోయినా, ఈ లేత గోధుమరంగు నీళ్లనే రోజంతా తాగుతుంటాం. ఇలాంటి చోట పుట్టినవాడు కాఫీ మిషన్‌ను తప్పుపట్టడమంటే బురదలో నిలబడి చెప్పుల మెరుపు చూడటమే. ఓర్విల్ సరిగ్గా ఆ పనే చేసేవాడు.

మా ఊళ్లో గురువారం అంటే ఆర్డిస్ బ్రెక్కె ఇల్లు. బడి వంటశాలలో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. గురువారం పొద్దున ఎవరొచ్చినా దాల్చినచెక్క రొట్టె, కాఫీ సిద్ధం. ఆవిడ పోయాలి, మనం తాగాలి. ఇంకెవరైనా జగ్గు మీద చెయ్యి వేస్తే ఆ చేతి మీద ఒక చిన్న దెబ్బ పడేది, పాస్టరుగారి చెయ్యి అయినా సరే.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో ఆవిడ చేతులు వణకడం మొదలైంది. మా కళ్లకు కనిపించింది, మా నోళ్లకు కనిపించలేదు. మా పద్ధతే అంత. ఇల్లంటుకున్నా మావాళ్లు ముందు వాతావరణం గురించే మాట్లాడతారు. ఒక గురువారం నిండు గాజు జగ్గు ఆవిడ చేతిలోంచి జారి, టేబుల్ అంచుకు తగిలి పగిలింది. వాళ్లమ్మ అల్లిన తెల్లటి టేబుల్ గుడ్డ మీద కాఫీ చెరువు కట్టింది. అందరం కిటికీ వైపు తిరిగాం.

"గాలి మళ్లినట్టుంది," అన్నాన్నేను.

"ఉత్తరానికి," అంది హార్డ్‌వేర్ కొట్టు లవోన్. తరవాత కొంచెం ధైర్యం తెచ్చుకుని, "ఈ ఒక్కసారికి నేను పోస్తాలే ఆర్డిస్," అంది.

"వద్దు."

"పర్లేదులే, చెయ్యి ఖాళీగానే ఉంది."

"వద్దులే."

"నిజంగానా?"

"వద్దన్నానుగా!"

మా దగ్గర మూడుసార్లు వద్దంటే ఇక వద్దనే. మొదటి రెండూ మర్యాదకి, మూడోది నిజానికి. లవోన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఓర్విల్ గాజుముక్క ఒకటి ఎత్తి పట్టుకుని, "ఈ జగ్గు చేసినవాడి మొహం మండ! గాజుతో చేస్తాడా ఎవడైనా? పైగా మిషన్ అడుగున వేడి పెనం ఒకటి! కాఫీని ఉడికించి ఉడికించి తారు చేస్తుంది. రోడ్డు వేసుకోవచ్చు," అన్నాడు.

మేమందరం అతనికేసి చూసిన చూపుకు ఇంకో జగ్గు పగలాల్సింది. ఆర్డిస్ మాత్రం తడిగుడ్డ మడతపెడుతూ, "నాకూ విసుగొచ్చింది. క్రిస్మస్ దాకా చూసి ఈ గురువారాలు మానేస్తాను," అంది.

మానేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. పిలవనిదే ఎవరి తలుపూ తట్టం మేము. కాఫీ ఆగిన ఇంటికి మరి మనిషి వెళ్లడు. ఆవిడకు ఇబ్బందేమోనని ఒకరూ, పడుకుందేమోనని ఒకరూ ఆగిపోతారు. మర్యాదతోనే మనిషిని ఒంటరిని చేసి చంపగల జాతి మాది.

ఆ వారమే ఓర్విల్‌కు కొత్త పిచ్చి పట్టింది. కాఫీ మిషన్ కొంటానని లవోన్ కొట్టుకు వచ్చాడు.

"రాత్రి నీళ్లూ పొడీ పోసి టైము పెడితే పొద్దున దానంతటదే కాచుకోవాలి. గాజు వద్దు, ఉక్కు ఫ్లాస్కు కావాలి. కింద పెనం ఉండకూడదు."

"నీకెందుకయ్యా అది? నువ్వు కోడికంటే ముందే లేస్తావుగా?"

"లేచినవాడికి కాఫీ తాగే హక్కు లేదా? కోళ్లకే ఉందా?"

లవోన్ ఒకటిచ్చింది. రెండు రోజులకు అది తిరిగొచ్చింది. ఇంకొకటిచ్చింది. అదీ వచ్చింది. ఊరి బయట పెద్ద బజారులోంచి తెప్పించినవి కూడా తోక ముడుచుకుని వెనక్కెళ్లాయి. చివరికి అతను తలుపు తీయగానే ఆవిడ డబ్బా కోసం చెయ్యి చాపేది.

"ఈసారి దీనికేం రోగం ఓర్విల్?"

"రోగం కాదమ్మా. ఇదే రోగం."

పరీక్షలకు సాక్షిగా నన్ను పిలిచేవాడు. నా చొక్కాల గతి అప్పుడే మారింది. ఓర్విల్ పరీక్షలు ఎలాంటివంటే, ముందు చేతులకు మంచు తవ్వే ఉన్ని తొడుగులు వేసుకుంటాడు. బొటనవేలికొక గది, మిగతా వేళ్లన్నిటికీ కలిపి ఒకే గది ఉండే రకం. ఆ చేతులతో ఫ్లాస్కు మూత తియ్యాలి, పెట్టాలి. కళ్లు మూసుకుని టైము పెట్టాలి. ఇదంతా అయ్యాక నేలమాళిగలో వాషింగ్ మిషన్‌ను పిండేదాకా తిప్పి, అది పూనకం వచ్చినట్టు ఊగుతుంటే, దాని మీద కప్పు పెట్టి, అందులో కాఫీ పొయ్యాలి.

"నువ్వు కాఫీ మిషన్ కొంటున్నావా, సర్కస్‌లో చేరుతున్నావా?" అన్నాను కాలిన మణికట్టు ఊదుకుంటూ.

"నోరు మూసుకుని కప్పు పట్టుకో."

మొదటి ఫ్లాస్కు తలకిందులు చేస్తేగానీ చివరి కప్పు వదిలేది కాదు. "ఇది ఫ్లాస్కు కాదు, పిసినారి మావయ్య," అన్నాడు. రెండోదాని మూత మీద బాణం, అంచు మీద చుక్క. రెండూ కలిస్తేగానీ చుక్క కారదు. "కాఫీ తాగాలా, బ్యాంకు ఖజానా పగలగొట్టాలా?" అన్నాడు. ఒకదాని మూతి కారుతూనే ఉండేది, జలుబు చేసిన పిల్లాడిలా. ఇంకొకటి కాఫీ కాగిందని వెనక్కి నడిచే లారీలా కూసేది. ఒకటి మరీ అన్యాయం. ఓర్విల్ ప్లగ్గు లాగి మళ్లీ పెట్టేసరికి టైము మరిచిపోయి, పన్నెండు, పన్నెండు అని కళ్లార్పడం మొదలెట్టింది. మంచు తుఫానులో కరెంటు పోతే పాపం పిచ్చిదానిలా రాత్రంతా పన్నెండే అంటుందిట.

"మా పిల్లికి దీనికంటే టైము తెలుసు," అని దాన్నీ కట్టేశాడు.

నేను అతన్ని ఊరంతా తిరిగి ఎగతాళి చేశాను. ఇంటికి ఒక్క నమ్మకమైన వస్తువు తెచ్చుకోవడం చేతకాని మనిషి, తప్పు వెతకడం కోసమే కొంటాడని. ఎవరూ కాదనలేదు. క్రిస్మస్ దగ్గరపడింది. ఆర్డిస్ ఇంట్లో గురువారాలు పల్చబడ్డాయి. ఆవిడిప్పుడు వంటగదిలోనే తలుపు చాటున కప్పులు సగం నింపి, ఒక్కొక్కటే రెండు చేతులా మోసుకొచ్చేది. మేం కళ్లు దించుకుని తాగేవాళ్లం. అలా తాగిన కాఫీ ఎవడికి రుచిస్తుంది?

ఒక పొద్దున చలికి నా కారు బ్యాటరీ చచ్చిపోతే, ఇంకో కారు బ్యాటరీకి కలిపే తీగలు అడుగుదామని ఓర్విల్ ఇంటి వెనక తలుపు తోశాను. అతను పొయ్యి దగ్గరున్నాడు. చేతిలో సొట్టలు పడిన నీలం పింగాణీపూత గిన్నె. కాఫీపొడిలో గుడ్డు కొట్టి, పెంకుతో సహా పిసికి, మరిగే నీళ్లలో వేస్తున్నాడు. మా అమ్మమ్మల కాలపు కాఫీ అది. చివర్లో చన్నీళ్లు చిలకరిస్తే మడ్డంతా గుడ్డుతో పాటు అడుక్కి దిగి, పైన తేనెలాంటి కాఫీ తేరుతుంది. ఆ వాసనకే నా బ్యాటరీ సంగతి మరిచిపోయాను.

"రోజూ ఇదే తాగుతావా?"

"మరి? మిషన్ నీళ్లు మనుషులు తాగేవేనా?"

"మరి ఆ మిషన్లన్నీ ఎవరి కోసం?"

ఓర్విల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "గాలి మళ్లింది," అన్నాడు.

గాలి ఎటూ మళ్లలేదు. అప్పుడు నాకు ఆ ఉన్ని తొడుగులు, ఊగే వాషింగ్ మిషన్, మూసిన కళ్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమై, కుర్చీలో కూలబడ్డాను. పక్కనే టేబుల్ మీద ఒక మిషన్ ఉంది. పెద్ద బటన్లు, పిడికిలి పట్టేంత వెడల్పు చెవి ఉన్న ఉక్కు ఫ్లాస్కు, బొటనవేలితో నొక్కితే పోసే మూత.

"దీనికేమైంది?"

"ఏమీ కాలేదు," అన్నాడు చావుకబురు చెప్పినట్టు. "వారంగా వెతుకుతున్నా. తప్పు దొరకలేదు. పద, ఎత్తు."

ఆర్డిస్ తలుపు తీసింది. ఓర్విల్ గుమ్మంలోనే డబ్బా ముందుకు తోశాడు. నేర్పు లేని మనిషి, నేరుగా సంగతిలోకి దిగాడు.

"నీ కోసం తెచ్చా. ఉంచుకో."

"వద్దు."

"మంచిదే."

"వద్దులే ఓర్విల్."

"ఎందుకొద్దు? తీసుకో!"

"వద్దన్నానా!"

మూడూ అయిపోయాయి. ఇక మా ధర్మం ప్రకారం టోపీ సర్దుకుని, రోడ్లు జారుతున్నాయి జాగ్రత్త అని చెప్పి వచ్చేయాలి. నేను టోపీ సర్దుకున్నాను కూడా. ఓర్విల్ కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. బూట్లకేసి చూసుకున్నాడు. తరవాత అతను అన్న మాట నేను ఆ నోట వింటాననుకోలేదు.

"సరే, నిజం చెప్తా. ఇది పరమ చెత్త మిషన్. ఎక్కడో లోపముంది. నాకు దొరకట్లేదు. నా ముక్కు పోయింది ఆర్డిస్. ముసలాణ్ణయిపోయా. లవోన్‌కు వాపసిస్తే ఏం తప్పుందో చెప్పమంటుంది, ఏం చెప్పను? ఊళ్లో నా పరువేం కాను? నువ్వయితే అన్నాళ్లు బడి వంటశాల ఏలినదానివి. కొన్నాళ్లు వాడి, ఆ తప్పేదో పట్టిపెట్టు."

ఆర్డిస్ కళ్లు చిట్లించింది. "అంటే నన్ను సాయం అడుగుతున్నావా?"

"అడుగుతున్నా."

మా ఊళ్లో సాయం పుచ్చుకునేవాడు లేడు. అడిగితే కాదనేవాడూ లేడు. చిన్నప్పట్నించీ ఇక్కడి కాఫీ తాగుతున్నా, ఈ రెండింటి మధ్య సందు ఉందని నాకు తట్టలేదు. ఓర్విల్ ఆ సందులోంచి డబ్బాతో సహా దూరిపోయాడు.

"ఎన్నాళ్లు చూడాలి?"

"దొరికేదాకా."

"అక్కడ పెట్టు. ముందు బూట్ల మంచు దులుపుకో, ఇద్దరూ."

ఆ పూటంతా ఓర్విల్ మిషన్‌ను తిట్టడం నేను విన్నాను. అంత ముద్దుగా ఎవరూ ఎవర్నీ తిట్టి ఉండరు. "ఫ్లాస్కు వేణ్నీళ్లతో కడిగి పెట్టకపోతే ఉక్కు మొత్తం వేడి తాగేస్తుంది, దొంగముండ. నిండా నింపావో, బరువుకి మూతి వాలుతుంది. సగమే నింపి చూడు, అదే లోపమేమో. రాత్రే అన్నీ పోసి ఈ పెద్ద బటన్ నొక్కు, ఇదొక్కటే చాలు. పొద్దున నువ్వు లేచి కూర్చునేసరికి ఇది కాచకపోతే, దొరికిందన్నమాట!"

తరవాతి గురువారం ఇల్లు నిండింది. ఆర్డిస్ ఫ్లాస్కు చెవిలో నాలుగు వేళ్లూ దూర్చి, రెండో చేతిని అడుగున పెట్టి, మాకు కాఫీ పోసింది. ఉక్కు మూతి కప్పు అంచుకు టకటకమని కొట్టుకుంది. ఏదీ పగల్లేదు. పాస్టరుగారు అలవాటుగా సాయానికి చెయ్యి చాపి దెబ్బ తిన్నారు. ఆయన అంత ఆనందంగా దెబ్బ తినడం నేను చూడలేదు.

ఓర్విల్ తాగాడు. "చల్లగా ఉంది," అన్నాడు.

"నీ నాలుక మొద్దుబారింది. అసలు తప్పు అది కాదు," అంది ఆర్డిస్. "దీని గడియారం అంకెలు పచ్చగా ఉన్నాయి. కప్పల చెరువులా."

"నేను చెప్పలా!" అని ఓర్విల్ టేబుల్ మీద గుద్దాడు. ఆ మొహంలో వెలుగు చూడాలి!

అప్పట్నించి ప్రతి గురువారం ఒక తప్పు తేలుతోంది. తీగ పొట్టిది. వడపోత కాగితం మూల ముడుచుకుంటుంది. కాగేటప్పుడు గుర్రుపెడుతుంది. ఓర్విల్ ఒక్కొక్కటే విని, ఆ కంపెనీవాళ్ల ఏడుతరాలనూ కడిగేసి, తేలికపడిన గుండెతో ఇంకో రొట్టె తింటాడు. క్రిస్మస్ వచ్చింది, పోయింది. గురువారాలు మానడం గురించి ఆర్డిస్ మళ్లీ మాటెత్తలేదు.

మంచు కరిగే రోజుల్లో, ఒక గురువారం అందరూ వెళ్లాక, నేను కప్పులు తుడుస్తూ అడిగాను.

"ఆర్డిస్, నిజంగా దాంట్లో అన్ని తప్పులున్నాయా?"

ఆవిడ కిటికీలోంచి, బురద తప్పించుకుంటూ నడుస్తున్న ఓర్విల్ టోపీకేసి చూసింది.

"ఒక్కటీ లేదు. బంగారంలాంటి మిషన్. ఆ మాట అతనితో అనకు. ఒంటరి మనిషి పాపం, ముక్కు కూడా పోయిందంటున్నాడు. వారానికొకటి తిట్టుకోవడానికి ఉంటే, వచ్చి నాలుగు మాటలు మాట్లాడి, కడుపునిండా తిని పోతాడు. వారం వారం కొత్త తప్పు వెతకలేకే నా ప్రాణం పోతోంది. వచ్చే గురువారానికి ఏమీ దొరకలేదు. నీకేమైనా తోస్తోందా?"

నేను బాగా ఆలోచించి, "మూత కిర్రుమంటోందని చెప్పు," అన్నాను.

"అది ఫిబ్రవరిలోనే వాడేశాను," అంది ఆర్డిస్ దిగులుగా.