లోడు మీద కుడికి లాగే బండి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను మూడు రోజుల పని మీద భద్రాచలం పంపారు. ఉత్తర్వులో ఉన్నది ఒకటే వాక్యం: ప్రమాదానికి గురైన పికప్ వాహనాన్ని పరీక్షించి, యాంత్రిక లోపం ఉన్నదీ లేనిదీ నివేదించవలెను. అప్పటికి నేను మా శాఖ ఖమ్మం వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. శాఖ పేరు రాయను. అందులో పనిచేసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్లకు అవసరం లేదు. ఫోర్‌మన్ అంటే మెకానిక్కుల మీద, ఇంజనీరు కింద. పానా పట్టుకునేది మెకానిక్. బండి రోడ్డు మీద తిరగవచ్చని సంతకం పెట్టేది ఫోర్‌మన్.

ఆ పికప్ భద్రాచలం స్టోరు నుంచి చర్ల రోడ్డులో అడవి లోపల ఉన్న హాస్టళ్లకు బియ్యం, పప్పు, గుడ్లు చేరవేసేది. దాని డ్రైవరు ముత్తయ్య. దుమ్ముగూడెం వైపు కోయ పల్లె ఆయనది. నాకంటే రెండేళ్లు పెద్ద. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా లేదు.

నేను వెళ్లడానికి పది రోజుల ముందు, బండి నిండా సరుకుతో వెళ్తుండగా ముత్తయ్యకు బర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు కొట్టి ఆపాడు. మంద దాటిపోయాక మళ్లీ వేగం అందుకున్నాడు. కొద్ది దూరంలో రోడ్డు సన్నబడే కల్వర్టు ఉంది. అక్కడ బండి కుడివైపుకు జరిగి, ఎదురుగా మోటారు సైకిల్ మీద వస్తున్న లచ్చయ్య అనే మిర్చి రైతును తాకింది. ఆయన కాలు విరిగింది. గుడ్ల ట్రేలు సగం పగిలిపోయాయి. శాఖ ఇచ్చిన అభియోగ పత్రంలో మొదటి అంశం గుడ్లు, రెండో అంశం కాలు.

ముత్తయ్య తాగి ఉన్నాడని మొదట అనుకున్నారు. రక్తపరీక్షలో మద్యం లేదని వచ్చింది. అందువల్ల నిర్లక్ష్యం అని మార్చారు. సస్పెండ్ చేశారు. నేరం రుజువైతే ఉద్యోగం పోయేదే.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ బండి కుడికి లాగుతున్నదని ముత్తయ్య అంతకుముందు మూడుసార్లు ఫిర్యాదు చేశాడు. మొదటిసారి భద్రాచలంలోనే ముందు టైర్లు ఒకదాని చోట ఒకటి మార్చి పంపారు. రెండోసారి బయట షాపులో ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించారు. మూడోసారి బండి ఖమ్మం వచ్చింది. ప్రమాదానికి ఏడు వారాల ముందు నేనే దాన్ని పరీక్షించి, ‘లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. నేను సంతకం చేసిన బండిని నన్నే పరీక్షించమనడం బాగుండదని మా ఇంజనీరుతో అన్నాను. జిల్లాల విభజన తర్వాత రెండు జిల్లాలకూ కలిపి ఉన్న ఫోర్‌మన్‌వు నువ్వొక్కడివే అని ఆయన గుర్తుచేశారు. అది నిజమే.

బండి స్టోరు ఆవరణలో రేకుల షెడ్డు కింద ఉంది. కుడివైపు ముందు మూల కొంచెం సొట్ట. అంతకు మించి దెబ్బ లేదు. భద్రాచలం మెకానిక్ యాకూబ్ నాకు సాయంగా ఉన్నాడు. బండి ఒకవైపుకు లాగుతున్నదంటే చూడవలసిన వరుస ఒకటి ఉంటుంది. మొదట నాలుగు టైర్లలో గాలి. ఒకవైపు తక్కువుంటే బండి అటే పోతుంది. తర్వాత టైర్ల అరుగుదల. తర్వాత చక్రాలను జాకీ మీద లేపి చేత్తో తిప్పి, ఏదైనా బ్రేకు పట్టేసి ఉందా అని చూడాలి. తర్వాత స్టీరింగ్ జాయింట్లు, బేరింగులు, చివరగా ముందు చక్రాల కొలతలు. రోడ్డు కూడా చూడాలి. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమవైపు నడిచే ఏ బండయినా ఎడమకే కొద్దిగా మొగ్గుతుంది. కుడికి లాగుతున్నదంటే వాలుకు ఎదురు పోతున్నట్టు. దానికి బలమైన కారణం ఉండాలి.

మొదటి రోజు సాయంత్రానికి ఆ వరుస మొత్తం పూర్తయింది. కారణం దొరకలేదు. స్టోరు గేటు నుంచి ఐదారు కిలోమీటర్లు తోలి చూశాను. నిటారు రోడ్డు మీద స్టీరింగ్ వదిలేసినా బండి గీత గీసినట్టు పోయింది. ఖమ్మంలో నేను చూసినప్పుడు కూడా ఇలాగే పోయింది.

మరునాడు పొద్దున ముత్తయ్య వచ్చాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆవరణలోకి రాకూడదు కాబట్టి గేటు బయట నిలబడ్డాడు. నేనే బయటికి వెళ్లాను. బండిలో ఏమీ దొరకలేదని చెప్పాను. ఆయన అన్నాడు:

“ఖాళీ బండి మంచిగనే పోతది సార్. నేను మూడుసార్లు గదే చెప్పిన. లోడు మీదనే లాగుతది.”

ఫిర్యాదులో అట్లా రాయలేదే అని అడిగాను. తాను గుమాస్తాకు చెప్పానని, ఆయనే రాశాడని అన్నాడు. లోపలికి వెళ్లి రిజిస్టరు తెప్పించుకున్నాను. మూడుచోట్లా ‘బండి కుడికి లాగుచున్నది’ అనే ఉంది. రిజిస్టరులో ఆ గడి చిన్నది. గుమాస్తా అందులో పట్టినంత రాశాడు.

మా వర్క్‌షాపు నిబంధన ప్రకారం పరీక్షకు వచ్చే బండి ఖాళీగా ఉండాలి. సరుకు ఉంటే దానికి బాధ్యత ఎవరిదన్న గొడవ వస్తుందని ఎప్పుడో పెట్టారు. నా ఉద్యోగ జీవితమంతా ఆ నిబంధన పాటించాను. అందులో తప్పుందని ఆ గేటు దగ్గర నిలబడేదాకా ఒక్కసారి కూడా అనుకోలేదు.

బండిని లోడు చేసి చూడాలని నిర్ణయించాను. స్టోరువాళ్లు బియ్యం ఇవ్వలేమన్నారు. బియ్యం హాస్టళ్లకు తప్ప మరే పనికీ కదలకూడదు, పరీక్షకు అసలే కదలకూడదు. మనుషుల్ని ఎక్కించుకోవడం చట్టవిరుద్ధం. గోదావరి వరద కాలం కాబట్టి కరకట్ట దగ్గర ఇసుక బస్తాలు నింపి పెట్టి ఉన్నాయి. అక్కడి ఉద్యోగిని అడిగితే, వరద వస్తే వెంటనే తిరిగి ఇవ్వాలన్న షరతు మీద ఇరవై ఐదు బస్తాలు ఇచ్చాడు. ఆ షరతు నా చేత రాయించుకున్నాడు కూడా. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నేను రెండుసార్లు అడిగి తెలుసుకుని బయలుదేరాను.

స్టీరింగ్ నేను పట్టుకున్నాను. ముత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఫోనులో అనుమతి తీసుకున్నాను. యాకూబ్ మోటారు సైకిల్ మీద వెనక వచ్చాడు. నాలుగు కిలోమీటర్లు బండి నిటారుగానే పోయింది. ఆయన చెప్పిందీ నిజం కాదేమో అనిపించడం మొదలైంది. అప్పుడు ముత్తయ్య ముందు, వెనక చూసి, రోడ్డు మీద ఎవరూ లేరని నిర్ధారించుకుని అన్నాడు:

“ఇప్పుడొక్కపాలి గట్టిగ బ్రేక్ కొట్టి, మల్ల తోలుండ్రి సార్.”

కొట్టాను. వెనక ఎడమవైపు కింద ‘టక్’మని ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. రోజూ గుంటల్లో తిరిగే బండిలో అట్లాంటివి వంద వినిపిస్తాయి. మళ్లీ కదిలించాను. బండి కుడికి పోయింది. స్టీరింగ్‌ను బెత్తెడు ఎడమకు తిప్పి పట్టుకుంటే తప్ప నిటారుగా రావడం లేదు. కొంచెం పట్టు సడలిస్తే తెల్ల గీత దాటుతున్నది. ముత్తయ్య చెయ్యి స్టీరింగ్ దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. అవసరమైతే అందుకోవడానికి.

ఎదురుగా ఒక ఆటో వచ్చింది. అది దాటిపోయేదాకా స్టీరింగ్‌ను రెండు చేతులతో ఎడమకు పట్టి ఉంచాను. ఆ చర్ల రోడ్డు మీద ఆయన అట్లా కొన్ని నెలలు తోలాడు.

దగ్గర్లోని ఒక పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు గచ్చు సమతలంగా ఉంటే అక్కడ ఆపాం. లోడు దించకుండానే ప్రతి చక్రం మధ్య నుంచి దారానికి కట్టిన తూకపు గుండు వదిలి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టించాను. కుడివైపు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కంపెనీ పుస్తకంలో ఉన్నంతే ఉంది. ఎడమవైపు అంగుళంపావు ఎక్కువ ఉంది. అంటే వెనక ఇరుసు ఎడమ కొస వెనక్కి జరిగింది. ఇరుసు వంకర అయినప్పుడు వెనక చక్రాలు బండి తోకను ఎడమకు తోస్తాయి, ముక్కు కుడికి తిరుగుతుంది. మేమందరం ముందు చక్రాలు చూస్తూ వచ్చాం. జబ్బు వెనక ఉంది.

బండి స్టోరుకు తెచ్చి బస్తాలు దించి ఎడమ కమాన్ విప్పించాను. కమాన్ అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట. దాని మధ్యలో ఒక సెంటర్ బోల్టు ఉంటుంది. ఆ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుని ఇరుసును కదలకుండా తన చోట ఉంచుతుంది. కట్టనూ ఇరుసునూ కలిపి యూ ఆకారపు బోల్టులు బిగించి పడతాయి. ఇక్కడ యూ బోల్టులు వదులయ్యాయి. సెంటర్ బోల్టు రెండు ముక్కలైంది. ఖాళీ బండికి ఆ వదులు పట్టు సరిపోతుంది. టన్నుకు పైగా బరువెక్కి గట్టి బ్రేకు పడితే ఇరుసు కొస వెనక్కి జారుతుంది, ఆ బరువే దాన్ని అక్కడ నొక్కిపెడుతుంది. సరుకు దించాక ఇంజను లాగుడుకు మళ్లీ ముందుకొచ్చి దాదాపు తన చోట కూర్చుంటుంది. అందుకే ఎవరు ఖాళీగా పరీక్షించినా బండి మంచిగానే ఉంది.

యాకూబ్ ఆ బోల్టు ముక్కలు కిరోసిన్‌లో కడిగి నా చేతికిచ్చాడు. కొత్తగా విరిగిన ఉక్కు తెల్లగా, రవ్వ రవ్వగా మెరుస్తుంది. ఇవి నల్లగా తుప్పు పట్టి, ఒకదానికొకటి రాసుకుని నున్నగా అరిగి ఉన్నాయి. పది రోజుల్లో వచ్చే అరుగుదల కాదు. ఏడు వారాల్లో వచ్చేదీ కాదు. నాకు తెలిసిందే యాకూబ్‌కూ తెలిసింది.

“విరిగిందని రాయుండ్రి సార్, చాలు. పాతదని రాస్తే మీ మీదికే వస్తది గద,” అన్నాడు. అతను నా మేలు కోరే అన్నాడు.

విరిగిందని మాత్రమే రాస్తే, ప్రమాదం దెబ్బకే విరిగిందని విచారణలో అంటారు. అప్పుడు ముత్తయ్యకు ఆ బోల్టు ఉన్నా లేనట్టే. పాతదని రాస్తే నా సర్టిఫికెట్ తప్పని నేనే రాసినట్టు. నాకు సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. ఇంజనీరు పోస్టుకు ప్రమోషన్ జాబితాలో నా పేరు రెండోది. టీ తెప్పించుకుని తాగాను. ఇంకొకటి తెప్పించుకున్నాను. రోడ్డు మీద ముత్తయ్య చెయ్యి స్టీరింగ్ దగ్గర ఉండటం గుర్తొచ్చింది. నా సర్టిఫికెట్ గురించి ఆయన పొద్దుటి నుంచి ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒకటి వాదించేవాణ్ని, అప్పుడు రాయడం కష్టమయ్యేది.

బోల్టు చాలాకాలం కిందే విరిగిందని రాశాను. నివేదిక రెండు పేజీలు వచ్చింది. అందులో ఇంకొకటి కూడా చేర్చాను. ఎనిమిది నెలల ముందు ఆ కమాన్‌లో పట్టీ మార్చింది మా వర్క్‌షాపే. పట్టీ మార్చిన బండి కొంత తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. బిగించినట్టు రికార్డు లేదు. బిగించలేదన్నట్టూ లేదు.

విచారణ అధికారి ఒక మేడం. తక్కువ మాట్లాడే మనిషి. బోల్టు ముక్కలు ఫైలు మీదే పెట్టించుకుని చాలాసేపు చూశారు. ఫైలుకు గ్రీజు మరక అయింది. తర్వాత నన్ను ఒకే ప్రశ్న అడిగారు. మీరిచ్చిన సర్టిఫికెట్ తప్పా అని.

“తప్పే మేడం. ఖాళీ బండిని చూసి రాసిన,” అన్నాను.

మామూలుగా ఆఫీసులో నేను అట్లా మాట్లాడను. ఆ రోజు ఇంటి భాషే నోట్లోంచి వచ్చింది. ఆమె రాసుకున్నారు.

ముత్తయ్య మీద అభియోగాలు ఎత్తివేసి డ్యూటీలోకి తీసుకున్నారు. లచ్చయ్య కాలు విరిగినందుకు పోలీసులు పెట్టిన కేసు కోర్టులో ఇంకో ఏడాదిన్నర నడిచి, అదే నివేదిక ఆధారంగా కొట్టివేయబడింది. నాకు మెమో వచ్చింది, తర్వాత అభిశంసన వచ్చింది. అభిశంసన అంటే, నీవు తప్పు చేశావని సర్వీసు రిజిస్టరులో రాసి పెట్టడం. శిక్షల్లో చిన్నది. కాని అది నడుస్తున్న కాలంలో ప్రమోషన్ ఇవ్వరు. అది ముగిసేలోగా ఖాళీలు నిండిపోయాయి. నేను ఫోర్‌మన్‌గానే రిటైరయ్యాను.

ఈ ఉత్తర్వులేవీ రాకముందే లచ్చయ్యను చూడటానికి వెళ్లాను. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చారు. కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆయన కోడలు నాకు కుర్చీ వేసింది. నేనెవరో చెప్పి, బండిలో ఏం దొరికిందో, అంతకుముందు నేను ఏం రాశానో చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

“గది నీకు ముందే తెలిస్తే నా కాలు ఇరగకపోవు గద సారూ?” అని అడిగాడు.

“అవ్. ఇరగకపోవు,” అన్నాను.

కోడలు తెచ్చిన మంచినీళ్లు తాగి, ఇంకొంచెంసేపు కూర్చుని వచ్చాను. ఆయన తిట్టి ఉంటే లేచి రావడం సులువయ్యేది.

వృత్తిలో నాకు దీనివల్ల తెలిసింది చిన్న విషయం. ‘లోపం లేదు’ అని రాయడం వేరు, ‘నాకు లోపం కనబడలేదు’ అని రాయడం వేరు. మొదటిది బండి గురించిన మాట, రెండోది చూసినవాడి గురించిన మాట. మిగిలిన నాలుగేళ్లూ నేను రెండోదే రాశాను. బండి ఖాళీగా ఉన్నప్పుడు చూశానా లోడుతో చూశానా, ఎంత దూరం తోలాను, డ్రైవరు పక్కన ఉన్నాడా లేడా అన్నది కూడా కింద రాసేవాణ్ని. నమూనా ఫారంలో అట్లాంటి మాటలు లేవని పై ఆఫీసు కొన్నిసార్లు కాగితాలు వాపసు పంపింది. అవే మాటలు మళ్లీ రాసి పంపాను.