మల్లయ్య పోయించిన ఆయిల్

2008లో నా షెడ్డు కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద ఉండేది. రేకుల కప్పు, కిందికి దిగి పని చేసుకోవడానికి ఒక గొయ్యి, గోడకు వేలాడే స్పానర్లు, అంతే. పదో తరగతితో బడి మానేసినా నేను చదువు మానలేదు. మధ్యాహ్నం ఎండకు బండ్లు రాని వేళ శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఇంజన్ల మీద తెలుగులో ఉన్న పుస్తకాలు తొందరగానే అయిపోయాయి. ఆ తర్వాత ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకో పేజీ చొప్పున లాగాను. ఆ పుస్తకం వల్ల నాకు తెలిసిన సంగతులు మా ఊరి మెకానిక్కుల్లో చాలామందికి తెలియవని ఇప్పటికీ ధైర్యంగా చెప్తాను. అయితే మా పనిలో సగం బండి చెప్పేది వినడం, మిగతా సగం బండి యజమాని చెప్పేది వినడం. మొదటిది పుస్తకాల్లో ఉంటుంది.

మల్లయ్యది చిలుకూరు దగ్గరి పల్లె. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి గొర్రెల మందే ఆస్తి. ఆ ఏడాది మందలో సగం అమ్మి, మిర్యాలగూడలో ఒక బియ్యం వ్యాపారి వాడి వదిలేసిన తెల్ల కారు కొన్నాడు. డిక్కీ విడిగా లేకుండా వెనక తలుపు పైకి లేచే చిన్న డీజిల్ బండి, హ్యాచ్‌బ్యాక్ అంటారు. దాన్ని కిరాయిలకు తిప్పి బతకాలని అతని ఆలోచన. కొన్న కొన్ని నెలలకే దాన్ని ట్రాక్టరుకు తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చాడు.

ఇంజన్ పట్టేసింది. ఇంజన్ అడుగున క్రాంకు అని ఒక వంకర ఇరుసు తిరుగుతుంది. అది బేరింగులనే పలుచని రేకుల మధ్య, ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. ఆ పొర లేకపోతే ఇనుముకు ఇనుము రాసుకుని, కాలి, అతుక్కుపోతుంది. విప్పి చూస్తే బేరింగులు నీలంగా మాడి ఉన్నాయి. ఆయిల్ అందక చచ్చిన ఇంజన్ అని చూడగానే తెలిసింది. పాత యజమాని సరిగా చూసుకోలేదని తేల్చాను.

మొత్తం ఇంజన్ చేయిస్తే మంచిదని చెప్పాను. పిస్టన్ రింగులు కూడా అరిగి ఉన్నాయి, కొంత ఆయిల్ పొగలో కాలిపోతుంది అన్నాను. అంత డబ్బు లేదని మల్లయ్య తల అడ్డంగా ఊపాడు. అందుకని హాఫ్ ఇంజన్ చేశాను. అంటే పైభాగం జోలికి పోకుండా క్రాంకు, బేరింగులు మాత్రమే బాగుచేయడం. క్రాంకును సూర్యాపేటలో ఇనుము చెక్కే లేత్‌కు పంపి అరగదీయించాను. ఆ ఖర్చుకు మల్లయ్య పొట్టేళ్లు అమ్ముడుపోయాయి.

బండి అప్పగిస్తూ, ఒకటికి రెండుసార్లు చెప్పాను. “ఈ బండి ఆయిల్ తాగుతది మల్లయ్యా. రోజూ గేజు చూడు. ముందర ఎర్ర లైటు పడిందంటే ఇగ ఆలోచించకు, వెంటనే ఆపి ఆయిల్ పోయించు.”

“గట్లనే అన్నా,” అన్నాడు. మల్లయ్య చెప్పిన మాట వినే మనిషి. అదే కొంప ముంచింది.

వానలు మొదలయ్యే వేళకు అదే ట్రాక్టరు, అదే తాడు, అదే బండి. మళ్లీ క్రాంకే. నా తల తిరిగిపోయింది.

“ఆయిల్ చూసుకున్నవా?” అని అడిగాను.

“నువ్వు చెప్పినంక సూడకుంట ఉంటనా? రోజు గేజు సూసే బండి తీస్త.”

“ఎర్ర లైటు పడ్డదా?”

“పడ్డది. పడంగనే పోయించిన.”

“ఎప్పుడు?”

“నిన్న పొద్దుగాల్నే.”

“ఎక్కడ?”

“బంకుల. ఇంకేడ పోస్తరు?”

“ఎంత పోయించినవ్?”

“ఫుల్ చేపిచ్చిన అన్నా. నీ మాట జవదాటలే.”

పెట్రోల్ బంకుల్లో ఇంజన్ ఆయిల్ డబ్బాలు కూడా అమ్ముతారు కనుక నాకు అనుమానం రాలేదు. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని సంపు అంటారు. దాని బిరడా విప్పితే టీ గ్లాసెడు నల్ల జిగురు కారింది. నిన్న నిండుగా పోసిన ఆయిల్ ఇవాళ గ్లాసెడు!

“ఈ బండి ఆయిల్ తాగుతున్నదా, అమ్ముకుంటున్నదా మల్లయ్యా?”

“గది నువ్వు చెప్పాలె. మెకానిక్‌వు నువ్వా, నేనా?”

ఎక్కడ కారుతుందో చూద్దామని ప్రతి అతుకూ తుడిచి వెతికాను. తడి లేదు. మళ్లీ గ్రంథాలయానికి పోయి ఆయిల్ ప్రెషర్ గురించిన అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆయిల్‌ను పైకి తోసే పంపు అరిగితే బేరింగులకు అందదని ఉంది. పంపు కొత్తది వేశాను. అది సరిపోలేదు నా కోపానికి. సూర్యాపేట పోయి లేత్ పెద్దాయనతో కొట్లాట పెట్టుకున్నాను.

“నువ్వు కొలత తప్పినవ్. అందుకే మళ్లీ పట్టింది.”

ఆయన మాడిన బేరింగును వేళ్ల మధ్య తిప్పి నా చేతిలో పడేశాడు. “నీకు కండ్లు లేవా? ఇది ఆయిల్ లేక సచ్చింది. నా లేత్ మీద పడి ఏడిస్తే ఏమొస్తది?”

“ఆయిల్ ఫుల్‌గా పోయించిండట.”

“అయితే ఆ ఫుల్ ఏడికి పోయిందో నీ కిరాయి బండాయన్నే అడుగు.”

అడిగాను. మల్లయ్య చిలుకూరు మైసమ్మ మీద ఒట్టేశాడు. బండి చెప్పేది ఒకటి, మనిషి చెప్పేది ఒకటి. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధంలా లేదు. ఇంత చిరాకైన కేసు నా పనిలో మళ్లీ రాలేదు.

రెండో రిపేరుకు గొర్రెలు అమ్మిన మర్నాడు మల్లయ్య భార్య లింగమ్మ స్వయంగా షెడ్డుకు వచ్చింది. గొయ్యి లోపలికి తొంగి చూసింది.

“ఏందమ్మా చూస్తున్నవ్?”

“ఏమన్న పులి ఉన్నదేమోనని సూస్తున్న అన్నా. మా గొర్లు ఒక్కొక్కటే ఇటు దిక్కే వచ్చి మాయమైతున్నయ్.”

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

“ఇంకోపారి ఇంజన్ పోతే మిగిలినయి గుడ ఖతం. గవి పోతే మేము దేని మీద బతకాలె? ఈ డబ్బ మీదనా?”

“ఈసారి పోదు చెల్లె.”

“పోయినపారి గుడ గదే అంటివి.”

ఆమె వెంట వచ్చిన మల్లయ్యను పక్కకు పిలిచి కొత్త జాగ్రత్త ఒకటి చెప్పాను. ఆయిల్ ఎక్కువైనా ప్రమాదమే. కొలత దాటి పోస్తే తిరిగే క్రాంకు దాన్ని చిలికి నురుగు చేస్తుంది, నురుగుతో బేరింగులు తేలవు. ఈ సంగతి ఆ లావు పుస్తకంలో చదివిందే. “ఫుల్ అని పోయించకు. నురుగొచ్చి ఇంజన్ ఖరాబైతది. తక్కువైనప్పుడల్లా కొద్దికొద్దిగా పోయించు” అన్నాను. మల్లయ్య శ్రద్ధగా విన్నాడు.

కొన్ని నెలలు గడిచాయి. మిర్యాలగూడలో ఒక మిల్లు వాళ్ల వ్యాను చూడాల్సిన పని పడింది. మల్లయ్య అటే కిరాయికి పోతున్నాడని తెలిసి ముందు సీట్లో కూర్చున్నాను. ఇంజన్ శబ్దం బాగానే ఉంది. నేరేడుచర్ల దాటాక మల్లయ్య స్టీరింగు వెనక వంగి చూశాడు.

“ఆయిల్ లైట్ పడ్డదన్నా. గీ ముందలనే బంకున్నది, పోయించుకొని పోదం.”

“ఆపు! ఇక్కడే ఆపి ఇంజన్ బంద్ చెయ్!” అనేలోపే బండి బంకులోకి తిరిగింది. సరే, చెప్పినట్టే చేస్తున్నాడు పాపం అనుకున్నాను. నేను దిగి బానెట్ ఎత్తుతుంటే అతను నా వైపు రాకుండా వెనక్కి పోయాడు. డీజిల్ మూత తీసి నిలబడ్డాడు.

“ఎంత?” అన్నాడు బంకతను.

“జర్రంతనే పొయ్యి. ఫుల్ చేస్తే నురుగొచ్చి ఇంజన్ ఖరాబైతదని మా మేస్త్రీ చెప్పిండు.”

బంకతను పైపు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. “డీజిల్‌కు నురుగేందిరా నాయనా! ఎవడా మేస్త్రీ?”

మల్లయ్య చెయ్యి చాపి గర్వంగా చూపించాడు. “గాయినే.”

రెండు క్రాంకులు, కొత్త పంపు, సూర్యాపేటలో నేను పడిన మాటలు, లింగమ్మ గొర్రెలు, అన్నీ ఆ డీజిల్ మూత ముందు వరుసగా నిలబడ్డాయి.

ఇంజన్ పక్కన ఉండే సన్నటి ఇనుప పుల్ల లాగాను. సంపులో ఆయిల్ ఎంత ఉందో దాని మీది గీతలు చెప్తాయి. మేమంతా దాన్ని గేజు అంటాం. కొస తప్ప పుల్లంతా పొడిగా ఉంది. దాన్ని మల్లయ్య ముక్కు ముందు పెట్టాను.

“ఇదేంది?”

“పుల్ల.”

“ఇది గేజు!”

“గేజు లోపటుంటది గదా, ముల్లు తిరుగుతది...”

“నేను చెప్పింది ఈ గేజు! నువ్వు పోయించాల్సింది ఇంజన్ ఆయిల్! రెండు ఇంజన్లు మింగినవ్ గద మల్లయ్యా!”

అప్పటిదాకా ఎదురు మాట్లాడని మనిషికి కోపం వచ్చింది. “అరవకు అన్నా. నువ్వు ఆయిల్ అన్నవ్, నేను ఆయిల్ పోయించిన. మా బాయికాడ ఆయిల్ ఇంజన్ల ఏం పోస్తరు, నెయ్యి పోస్తరా? ట్రాక్టరుకు ఆయిల్ కొట్టిచ్చుకరమ్మంటే నువ్వేం తెస్తవ్?”

డీజిలే తెస్తాను. మా వైపు పొలం ఇంజన్ దగ్గర్నుంచి లారీల దాకా డీజిల్‌ను ఆయిల్ అనే అంటారు. నేనూ అంటాను. షెడ్డులో మాత్రం అదే మాటకు ఇంకో అర్థం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాటలన్నీ వెతికిన నేను, మా ఊరి మాటను ఎక్కడా వెతకలేదు.

“ఆ లైటు బొమ్మ చూడలేదా? ఆయిల్ డబ్బా బొమ్మ అది.”

“సూసిన. మూతి ముందట సుక్క పడుతుంటది. బంకు పైపు అనుకున్న. ముల్లు సగంల ఉన్నా లైట్ పడుతుండె, పాత బండి కదా, ముల్లు అబద్ధమాడుతుందనుకున్న. మరి ఒకటి చెప్పు. నేను పోయించింది తప్పయితే, పోయించినంక లైట్ ఎందుకు పోతుండె? పతిసారి పోయింది.”

బంకతను కూడా నా వైపు చూశాడు. మంచి ప్రశ్న. విడమరిచి చెప్పాను. ఆయిల్ తక్కువైన ఇంజన్ వేడెక్కి తిరుగుతుంటే, ఉన్న కాస్తా పైభాగంలో చిక్కుకుని ఉంటుంది. కింద పంపుకు గాలి తగిలి ప్రెషర్ పడిపోతుంది, లైటు వెలుగుతుంది. బంకులో ఇంజన్ ఆపి కాసేపు నిలబెడితే ఆ ఆయిల్ మెల్లగా సంపులోకి దిగుతుంది. మళ్లీ స్టార్టు చేస్తే పంపుకు ఆయిల్ అందుతుంది, లైటు పోతుంది. కొంత దూరం పోయాక మళ్లీ పడుతుంది. డీజిల్ పోసిన ప్రతిసారీ ఆ దీపం ఆరి, నువ్వు చేసింది సరే అని మల్లయ్యకు చెప్తూ వచ్చింది.

ఆ బంకులోనే ఇంజన్ ఆయిల్ డబ్బా కొని పోశాను. మల్లయ్య చేతనే పుల్ల తుడిపించి, పెట్టించి, తీయించి, గీత దాకా వచ్చిందని అతని నోటితోనే అనిపించాను. స్టార్టు చేసి చాలాసేపు బానెట్ మీద చెవి పెట్టి విన్నాను. బేరింగు మాడి ఉంటే లోపల సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది. ఏ చప్పుడూ రాలేదు. ఇంజన్ దక్కింది. మంద దక్కింది.

ఆ వారం లింగమ్మ కోదాడ వచ్చినప్పుడు షెడ్డు ముందు ఆగింది. మల్లయ్య అంతా చెప్పాడని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

“ఒక్క మాట అర్థం చేసుకోనీకి ఇద్దరు మొగోళ్లు నా గొర్లను ఖర్చు పెట్టిన్రు కదనే,” అంది. అంతకంటే తిట్టి ఉంటేనే నాకు బాగుండేది.

ఆ తర్వాత బండి తన కిరాయి డబ్బులతోనే మొత్తం ఇంజన్ చేయించుకుంది. నేను షెడ్డులో ఉత్త ‘ఆయిల్’ అనడం మానేశాను. ఎవరొచ్చినా డీజిల్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ అని పూర్తి పేరుతోనే చెప్తాను. గేజు చూడమని నోటితో చెప్పను, పుల్ల లాగి చేతికిస్తాను. అర్థమైందా అని అడగడం కూడా మానుకున్నాను. అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. రేపు లైటు పడితే ఏం చేస్తవ్, చేసి చూపించు అంటాను. కొందరికి ఇది చిన్నతనంగా ఉంటుంది, విసుక్కుంటారు. విసుక్కోనీ.

2014లో మల్లయ్య ఆ బండి అమ్మేశాడు. మాడుగులపల్లి నుంచి ఒకతను కొనడానికి వచ్చాడు. బేరం నా షెడ్డులోనే. అతను చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసి, మల్లయ్యను అడిగాడు.

“బండి ఆయిల్ ఎట్ల తాగుతది?”

మల్లయ్య బానెట్ ఎత్తబోతున్నవాడల్లా ఆగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏ ఆయిల్? ముందుగాల గది చెప్పు. గది తేలినంకనే బేరం.”